చీమలు కాసిన చిక్కుడు పందిరి

చీమలు పేనుబంకను తింటాయని ఒకప్పుడు నేను రైతులకు చెప్పినాను. ఒకరిద్దరికి చెప్పి ఊరుకున్నా బాగుండేది. మీటింగులు పెట్టి చెప్పినాను. నల్లబోర్డు మీద చీమ బొమ్మ గీసి, దాని కింద ‘రైతు మిత్రుడు’ అని రాసి మరీ చెప్పినాను. వ్యవసాయ శాఖలో జీతం తీసుకుంటూ పురుగుల తరఫున పనిచేసిన అధికారి జిల్లాలో నేనొక్కడినే అని చాలాకాలం సిగ్గుపడినాను. తర్వాత చుట్టూ చూస్తే తోడు బాగానే కనిపించింది.

ఇప్పుడు రిటైరై మదనపల్లెలో ఉన్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, “సార్, మీ అనుభవం చెప్పండి” అంటారు. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి మీకు ఆఫీసులో ఎవరైనా చెప్తారు. నేను చెప్పగలిగింది ఒక పురుగు గురించి, ఒక చీమ గురించి, పుంగనూరులో ఒక మందుల అంగడి గురించి, సదుం పక్క చెంగమ్మ అనే ఆమె చిక్కుడు పందిరి గురించి. ఆ పందిరి నిలుస్తుందా, కూలుతుందా అన్నదే నా ఉద్యోగానికి అసలు పరీక్ష. ఆ పరీక్ష నేను రిటైరైన తర్వాత రాసినాను. మా శాఖలో ఏదీ సమయానికి జరగదు.

తెలీదు అనే మాట

వ్యవసాయాధికారిని మా పక్క ‘ఏవో’ అంటారు. ఇంగ్లీషు పేరుకు పొట్టిరూపం. అది నాకు బాగా అతికింది. “ఏవో సార్ వచ్చినాడు, ఏవో చెప్పినాడు, ఏవో రాసుకోని పోయినాడు” అనేవాళ్లు రైతులు. నా మీది అధికారి ‘ఏడీ’ సార్. “ఏడీ?” అని ఎవరైనా అడిగితే ఆఫీసులో ఒక్కరికీ జవాబు తెలిసేది కాదు. పేర్లు పెట్టినవాళ్లు తెలుగు తెలిసే పెట్టినారని నా అనుమానం.

నా మొదటి పోస్టింగు కుప్పం. అక్కడి రైతు తెలుగులో పలకరించి, కన్నడంలో బేరమాడి, తమిళంలో తిట్టుకుంటాడు. నాకు వచ్చింది తెలుగొక్కటే కాబట్టి పలకరింపులు మాత్రమే అర్థమయ్యేవి. చాలా సంతోషంగా ఉండేవాణ్ని.

చేరిన రోజే ఏడీ సార్ ఉపదేశం చేసినారు. “సూడప్పా, తెలీదు అనే మాట మాత్రం రైతు ముందర అనొద్దు. ఏదో ఒకటి చెప్పు. తప్పైతే వాన మీదికి తోసేయొచ్చు. తెలీదంటే దాన్ని యాడికి తోస్తావు?”

ఆ ఉపదేశం జేబులో పెట్టుకుని క్రిష్ణప్ప అనే రైతు చిక్కుడు తోటకు పోయినాను. చలికాలం, మబ్బు పట్టిన వాతావరణం. లేత కొనలన్నీ నల్లగా, దగ్గరదగ్గరగా పేనుబంక. తలలో పేలు పట్టినట్టు చెట్టుకు పట్టి, జిగురు వదులుతుంది కాబట్టి ఆ పేరు. కొనలకూ నేలకూ మధ్య చీమలు బారులు కట్టి ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి.

“సార్, పేనుబంక సంగతి సరే. ఈ చీమలు యాల వచ్చినాయి సార్?” అన్నాడు క్రిష్ణప్ప.

నాకు తెలీదు. కానీ తెలీదు అనకూడదు. పైగా నేను మిషన్ ఆసుపత్రి కాంపౌండులో పెరిగినవాణ్ని. సండే స్కూల్లో చీమను చూసి బుద్ధి తెచ్చుకోమని చెప్పి చెప్పి పెంచినారు. అంత కష్టజీవి చెడ్డపని చేస్తుందని ఎట్లా అనుకుంటాను?

“తినేదానికి వచ్చినాయప్పా. పేనుబంకను తింటాండాయి. ఇది నీకు దేవుడు పంపిన సైన్యం. మందు కొట్టి దాన్ని చంపుకోవద్దు” అన్నాను.

క్రిష్ణప్ప భార్య గట్టు మీద నుంచి గబగబా దిగింది. ఆమెకు శనివారం శనివారం పుట్ట దగ్గర చీమలకు బియ్యప్పిండి, బెల్లం పెట్టే అలవాటు. పుణ్యం అని మా పక్క చాలామంది ఆడవాళ్లు పెడతారు. మొగుడు రోజూ ఎగతాళి చేసేవాడంట.

“ఇప్పుడేమంటావు? చీమకు పెట్టింది యాడికీ పోదని నేను చెప్పలా? సారే చెప్తాండాడు, విను!” అని ఆయన్ను ఒక్కసారి గెలిచింది.

అంతటితో ఆగి ఉంటే నేను నేనెందుకవుతాను? “అయితే ఆ పిండీ బెల్లమూ పుట్ట దగ్గర కాదమ్మా, పాదుల మొదట్లో పెట్టు. ఇంకా బాగా వస్తాయి” అన్నాను. ఆమె భక్తికి డిపార్టుమెంటు ముద్ర వేసినాను. పక్క ఊళ్లలో మీటింగులు పెట్టి కూడా ఇదే చెప్పినాను. క్రిష్ణప్ప తోటలో చీమలు ఊరూ పేరూ లేనివన్నీ వచ్చి దిగినాయి.

మళ్లీ పోయి చూసేసరికి కొనలు ముడుచుకుపోయి, ఆకుల మీద జిగురు కారి, ఆ జిగురు మీద మసి పట్టి, తోట పొయ్యి మీద పెట్టి దించినట్టుంది. ఆకు పట్టుకుంటే చేతికి అంటుకుంది. నా మాట మాత్రం ఆ తర్వాత కుప్పంలో ఎవరికీ అంటలేదు. క్రిష్ణప్ప కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. “మీ సైన్యం బాగా బలిసింది సార్. పంటే లేదు” అన్నాడు, తెలుగులోనే. ఆ తర్వాత భార్యతో తమిళంలో ఏదో అన్నాడు.

అప్పటి నుంచి నా పేరు ‘చీమల సారు’. బదిలీ ఉత్తర్వు కంటే ముందే ఆ పేరు బస్సెక్కి పుంగనూరు చేరింది.

పిల్లలూ, మీకు చెప్పేది ఇదే. తెలీకపోతే “తెలీదప్పా, సూసి చెప్తా” అనండి. ఆ మాటతో ఏ అధికారి ఉద్యోగమూ పోలేదు. “తెలుసు” అన్న మాటతో పోయిన తోటలు మాత్రం నేను చూసినాను.

గట్టు మీద చదువు

నిజం నాకు కాలేజీలో తెలియలేదు. ఏడీ సార్ వల్ల తెలిసింది. ఆ గౌరవం ఆయనకు ఇవ్వాల్సిందే. నేనింకా కుప్పంలో ఉండగానే, ఒకరోజు తోట పరిశీలనకు వస్తానని కబురు పెట్టి ఆయన ఎప్పట్లాగే రాలేదు. నేను గట్టు మీద కూర్చుని ఎదురుచూస్తూ, చేసేదేమీ లేక ఒక చిక్కుడు కొమ్మను చూస్తూ ఉండిపోయినాను.

ఒక చీమ వచ్చి పేనుబంక వీపు మీద తన మీసాలతో మెల్లగా తట్టింది. దువ్వింది అనాలి. కాసేపటికి ఆ పురుగు వెనక నుంచి మెరిసే చుక్క ఒకటి వదిలింది. చీమ తాగేసి, పక్క పురుగు దగ్గరికి పోయింది. మళ్లీ దువ్వడం, మళ్లీ చుక్క. పాలు పిండేవాడు ఎనుము నుంచి ఎనుముకు పోయినట్టు.

అంతలో అక్షింతల పురుగు ఒకటి వాలింది. ఎర్రటి డొప్ప మీద నల్లచుక్కలతో ముద్దుగా ఉంటుంది. పేనుబంకను నిజంగా తినేది అది. కొనకు చేరేలోపల నాలుగువైపుల నుంచి చీమలు వచ్చి, కాళ్లు కొరికి దాన్ని కిందికి తోసినాయి. నేను క్రిష్ణప్పకు చెప్పిన సైన్యం నిజమే. ఎవరి సైన్యమో తెలుసుకోకుండా చెప్పినాను, అంతే.

ఇంకా చూస్తే, ఎండిన కొమ్మ మీది పురుగుల్ని చీమలు నోట కరచుకుని లేత కొమ్మకు మోస్తున్నాయి. కాపలా, మేత, మకాం మార్పు, అన్నీ అవే చూసుకుంటాయి. పేనుబంక పని రసం పీల్చడం, పిల్లల్ని పెట్టడం. దానికి మగతోడు కూడా అక్కరలేదు, ఒక్కటే గంపెడు సంసారం చేస్తుంది. చీమకు తీపి, పేనుబంకకు భద్రత. ఇద్దరూ సుఖంగా ఉన్నారు. ఖర్చంతా చెట్టుది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నా భార్య సుగుణకు ఇదంతా చెప్పినాను. ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సు. అంతా విని, “రోగం కనుక్కోకముందే మందు రాసేది మీ డిపార్టుమెంటులోనేనండీ” అంది. ఆమెకు తెలిసిన ఆసుపత్రి ఒక్కటే కాబట్టి అట్లా అనగలిగింది.

పుంగనూరు టీ

పుంగనూరులో వెంకటప్ప మందుల అంగడి ఉండేది. పొడుగాటి నవ్వు, తెల్లచొక్కా. నేను చేరిన వారంలోనే ఆఫీసుకు టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చినాడు. ఆ టీ గురించి అబద్ధం చెప్పను, చాలా బాగుండేది. పుంగనూరు పాలు కదా.

“మీ అంత చదువుకున్న ఏవో ఈ మండలానికి రాలేదు సార్” అన్నాడు.

నేను నమ్మినాను. ఆయన నా చదువుకు మెచ్చి వస్తున్నాడనే అనుకున్నాను. వచ్చినప్పుడల్లా ఏదో ఒక సందేహం అడిగేవాడు, నేను ఉపన్యాసం ఇచ్చేవాణ్ని, ఆయన తల ఊపేవాడు. చివర్లో, “అయితే ఈ కొత్తమందు పనిచేస్తాది అంటారు?” అనేవాడు. “చెయ్యొచ్చప్పా” అనేవాణ్ని. మర్నాడు అంగడిలో అది “ఏవో సార్ చెప్పినాడు” అయ్యేది.

కొన్నాళ్లకు ఒకరోజు టీ తాగుతుంటే వెంకటప్ప మీసాలు కదలడం గమనించినాను. కుప్పం గట్టు గుర్తొచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టేసినాను. నా వీపు దువ్వుతున్నాడు, నేను చుక్క వదులుతున్నాను! మదిలో ఇంకో ఆలోచన కూడా వచ్చింది: మరీ అంత తక్కువ దువ్వుడుకే వదిలేస్తున్నానే, పేనుబంకే నాకంటే గట్టిది.

చెంగమ్మ అడిగింది

చెంగమ్మది సదుం పక్క పల్లె. రాతికూసాలు, అంటే రాతి స్తంభాలు నాటి, వాటి మీద ఇనుప తీగ లాగి, చిక్కుడు పందిరి వేసింది. కూసాలు లోతుగా నాటబోయి మొగుడు ఓబులేసు నడుము నొప్పి తెచ్చుకున్నాడు. ఒకరోజు ఆమె మసిపట్టిన చిక్కుడు తీగ చేతిలో పట్టుకుని, నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి దాన్ని కాగితాల మీద పరిచింది.

“ఏం సార్, మూడు రకాలు కలిపి కొట్టమంటివంట కదా? కొట్నాను. పురుగు నాలుగు దినాలు పోయి, సుట్టాలందర్నీ పిల్సుకోని తిరిగొచ్చింది.”

“నేను చెప్పలేదమ్మా.”

“ఎంకటప్ప చెప్పినాడు, నువ్వు చెప్పినావని.”

మూడు మందులు కలిపితే ముందు చచ్చేది అక్షింతల పురుగు. పేనుబంకలో నాలుగు మిగిలినా చాలు, అడ్డం లేకుండా పెరుగుతుంది. అది వివరించి, చీమల్ని పందిరి ఎక్కకుండా ఆపమని చెప్పినాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది.

“కుప్పంలో చీమల్ని మేపమంటివంట. ఈడ ఆపమంటాండావు. ఏది నిజమప్పా? మండలం మారితే చీమ బుద్ధి మారతాదా?”

మా ఉద్యోగంలో పనిముట్టు ఒకటే, నోటిమాట. నాది మొండిదైపోయింది. చెంగమ్మ పోయి మళ్లీ సీసాలే కొనింది. ఆ ఏడు పందిరి పోయింది, పై ఏడూ పోయింది.

పురుగు తిరిగొచ్చే మందును నా పేరు చెప్పి ఎందుకమ్మినావని వెంకటప్పను అడిగినాను. ఆయన నవ్వినాడు. “పేనుబంక పూర్తిగా పోతే ఎట్ల సార్? మీకు పని ఉండదు, నాకు అంగడి ఉండదు.” ఏడీ సార్‌కు చెప్పుకుందామని, ఎట్లాగో ఆయన్ను పట్టుకుని చెప్పినాను. “వెంకటప్ప మంచోడప్పా. ఆ టీ ఈ మధ్య మా ఇంటికి గూడా పంపిస్తాండాడు” అన్నారు. తర్వాత నన్ను మదనపల్లెకు, తోటలు కనపడని ఒక గదిలోకి మార్చినారు. అక్కడే రిటైరైనాను.

నా తీర్పు దాచుకోను. పురుగుల మందు అమ్మేవాళ్లందరూ దొంగలు కారు, పురుగు మరీ మీరినప్పుడు మందు కావాల్సిందే. కానీ రోగం ఉంటేనే బతికేవాడు రోగానికి కాపలా కాస్తాడు. వాడు తెచ్చిన టీ తాగేటప్పుడు వాడి మీసాల మీద ఒక కన్ను ఉంచండి.

శాలువా

రిటైరైనవాణ్ని కూడా వదలకుండా వెంకటప్ప ఈమధ్య మదనపల్లెకు వచ్చినాడు. పేనుబంకకు కొత్తమందు దిగింది, పుంగనూరు కల్యాణ మండపంలో రైతుల మీటింగు, నేను ముఖ్య అతిథి. “మీకు సన్మానం సార్. రెండు మంచి మాటలు చెప్తే చాలు.”

“పోవద్దండీ” అంది సుగుణ. నేను పోయినాను. శాలువా అంటే ఇష్టం, ఏం చేయమంటారు?

మండపం గుమ్మానికి నా ఫొటోతో బ్యానరు. సర్వీసులో చేరినప్పటి ఫొటో, తలనిండా జుట్టు. కింద ‘ప్రముఖ శాస్త్రవేత్త’ అని వేసినారు. ముందు వరసలో చెంగమ్మ, ఒళ్లో ఖాళీ సంచి.

“సీసాలు కొనుక్కోని పోదామని వచ్చినావా అమ్మా?” అన్నాను.

“ఇంగేం చేసేది? ఈ తూరీ పోతే కూసాలు పెరికి అమ్మేసి గొర్రెలు తెస్తానంటాండాడు మా ఆయన. గడ్డపార గూడా గోడకు ఆనించి పెట్టుకోనుండాడు” అంది. గుమ్మం వైపు, బ్యానరు మీది నా ఫొటోను చూసి, “ఎంటికలు యాడ పోయినాయి సార్, చీమలు తినేసినాయా?” అని కూడా అడిగింది. ఆ వరస ఆడవాళ్లంతా నవ్వినారు.

కంపెనీ మనిషి తెర మీద బొమ్మలు చూపించినాడు. శాలువా కప్పినారు. మైకు ఇచ్చినారు. వెంకటప్ప పక్కనే నిలబడి నవ్వుతున్నాడు, ఫొటో తీసేవాడు సిద్ధంగా ఉన్నాడు.

ఏం మాట్లాడాలో అప్పటిదాకా నాకూ తెలీదు. చెంగమ్మ సంచి చూస్తే నోరు దానంతటదే కుప్పం పోయింది. క్రిష్ణప్ప తోట, బియ్యప్పిండి, బెల్లం, సైన్యం, అన్నీ చెప్పినాను. మండపం ఘొల్లుమంది. నవ్వినోళ్లు వింటారు. అప్పుడు చీమ మీసాల సంగతి, చుక్క సంగతి, అక్షింతల పురుగును తోసేసిన సంగతి చెప్పినాను. “కూసానికీ, తీగ మొదలుకూ పాతగుడ్డ చుట్టండి. గుడ్డ మీద బండి కందెన పూయండి. చీమ ఎక్కలేదు. మసిపట్టిన కొనలు తుంచేయండి. సబ్బునీళ్లలో వేపనూనె కలిపి, ఆకు అడుగున తగిలేట్టు సాయంత్రం పూట కొట్టండి. తక్కిన పని అక్షింతల పురుగు చూసుకుంటాది” అన్నాను.

చెంగమ్మ లేచి నిలబడింది. “మరి ఆ పొద్దు తప్పు చెప్పినట్టేనా సార్?”

“తప్పేనమ్మా. తెలీక చెప్పినాను.”

ఆమె కూర్చుంది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

వెంకటప్ప నవ్వు అట్లే ఉంది, కళ్లు మాత్రం మైకును వెతుకుతున్నాయి. మా పక్క సభల్లో ఒక ఆచారం ఉంది. పక్కనున్న పెద్దమనిషి పేరున మైకులో దానం ప్రకటిస్తే, అది ఆయన ఇచ్చినట్టే. కాదంటే పరువు పోతుంది. గుడి గంటలు, బడి గోడలు చాలా అట్లా వచ్చినవే.

“ఇంత మంచి విషయం మీకు చెప్పమని నన్ను పిలిచిన మన వెంకటప్ప గారికి చప్పట్లు!” అన్నాను. కొట్టినారు. “వచ్చిన ప్రతి రైతుకూ ఆయన తన అంగడి నుంచి ఒక్కో సీసా వేపనూనె ఉచితంగా ఇస్తానని నాకు మాటిచ్చినారు!”

ఈసారి చప్పట్లు పైకప్పుకు తగిలినాయి. ఫొటోవాడు ముందుకొచ్చినాడు. వెంకటప్ప చేతులు జోడించి, పళ్ల సందు నుంచి, “ఎప్పుడిచ్చినాను సార్?” అన్నాడు.

“ఇప్పుడే కదప్పా” అన్నాను.

అంగడిలో వేపనూనె అట్టడుగు అరలో దుమ్ము పట్టి ఉండేది, లాభం మిగిలేది తక్కువని ఎవరికీ చూపించేవాడు కాదు. ఆ పూట ఆయనే వంగి వంగి తీసి, తుడిచి తుడిచి ఇచ్చినాడు.

సంగటి

పందిరి నిలబడింది. కాపు ముదరకముందే ఓబులేసు మదనపల్లె బస్సులో ఒక సంచి లేత చిక్కుళ్లు తెచ్చి మా వసారాలో దించినాడు. “కూసాలు ఉండనీలే అనుకున్నాం సార్” అని ఒక్క మాట చెప్పి, నీళ్లు తాగి పోయినాడు.

ఆ మరుసటి రోజే వెంకటప్ప వచ్చినాడు. పోట్లాటకు. “దినామూ వస్తాండారు సార్, చీమల సారు మందు ఇయ్యి అని. కొత్తమందు పెట్టెలు విప్పనే లేదు. మీరు నాకు ఇట్ల చేస్తారని అనుకోలేదు.”

మధ్యాహ్నం వేళ ఇంటికొచ్చిన మనిషిని పోట్లాటకైనా ఖాళీ కడుపుతో పంపరాదు. సుగుణ పళ్లెం పెట్టింది. వేడి రాగిసంగటి, చిక్కుడుకాయ పులుసు. వెంకటప్ప కోపంగానే ముద్ద తుంచి, పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. కోపం కొంచెం తగ్గింది. రెండో ముద్దకు ఇంకా తగ్గింది.

“పులుసు బలే ఉండాదమ్మా. యాడివి ఈ కాయలు? ఇంత లేతవి మార్కెట్టుకు రావే!”

“సదుం చెంగమ్మ పందిరివి అన్నా. నువ్విచ్చిన నూనెతో కాసినాయంట. ఇంకొంచెం వెయ్యనా?” అంది సుగుణ.

ఆయన చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. నా వైపు చూసినాడు. మా పక్క, సంగటి పులుసులో ముంచినాక మనిషి పళ్లెం ముందర నుంచి లేచేది లేదు. నేను మంచినీళ్ల చెంబు ఆయన దగ్గరికి జరిపి, ఎదురుగా నిమ్మళంగా కూర్చున్నాను.

వెంకటప్ప తల వంచుకుని, పళ్లెం కొంచెం ముందుకు జరిపి, “వెయ్యమ్మా” అన్నాడు.